కుటుంబ చరిత్రలో కథనము, ఛాయాచిత్రము: రంగము వలస యిండ్లలో ఒక పరిశీలనము

తెలుగునాట వంశచరిత్రను భద్రపరచు ఆచారము క్రొత్తది కాదు. కావ్యముల అవతారికలలో కృతిభర్తల వంశవర్ణనములు కలవు. శాసనములలో దాతల తాతముత్తాతల పేరులు కలవు. కర్నలు కాలిన్ మెకంజీ కొరకు కావలి సోదరులును వారి సహాయకులును సేకరించిన కైఫీయత్తులలో పాలెగాండ్ర వంశక్రమములు, గ్రామకరణములు చెప్పిన పూర్వకథలు నిండియున్నవి. కాశీ గయా క్షేత్రములలోని పండాల బహీలలో యాత్రికుల పేరులు తరతరములుగా ఎక్కుచున్నవి. పిచ్చుకుంట్లవారు తమను పోషించు కులములవారి గోత్రములను, ఇంటిపేరులను పాడి వినిపించుట వృత్తిగా జీవించిరి. అయినను ఈ సాధనములన్నిటిలో ఒక లోపము సమానముగ కనబడును. భూమియో, పదవియో, దానమో, యాత్రకు వలసిన ధనమో లేని యింటికి వానిలో చోటు లేదు. కూలికై సముద్రము దాటి పోయినవానికి అవతారిక లేదు, కైఫీయత్తు లేదు.

అట్టి యింట చరిత్రకు మిగులునవి రెండే. ఒకటి వృద్ధురాలి నోటిమాట. రెండవది ఇనుప పెట్టె అడుగున చీరల మధ్య దాచిన ఛాయాచిత్రము. ఈ రెండును ఒకదానినొకటి బలపరచు సాక్ష్యములని మనము భావింతుము. బొమ్మను చూపి ఇందున్నవారెవరని యడుగుదుము. వచ్చిన సమాధానమును వ్రాసికొని, సాక్ష్యములు రెండును ఏకీభవించినవని తృప్తిపడుదుము. ఈ పద్ధతిలో పెద్ద ప్రమాదమున్నది. ఎక్కువ యిండ్లలో ఆ రెండును స్వతంత్ర సాక్ష్యములు కావు. ఒకటి రెండవదానిని పుట్టించి యుండును. ఏది ముందు పుట్టినదో తెలిసికొనక వ్రాసిన కుటుంబచరిత్ర నమ్మదగినది కాదని చూపుటయే ఈ వ్యాసోద్దేశము. ఉదాహరణములకై బర్మాకు వలసపోయిన తీరాంధ్ర కుటుంబములను గ్రహించితిని. నా మాతృవంశము వానిలో నొకటి. అందుచేత ఇందలి ముఖ్యమైన పొరపాటు నాదే యగుటకు వీలు కలిగినది.

తెలుగువారు రంగూనును రంగము అనిరి. 'రంగం వెళ్ళినాడు' అను మాట శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి మండలముల తీరగ్రామములలో ఒకనాడు, ఇల్లు విడిచి సంపాదనకు పోయినాడను అర్థమునే యిచ్చెడిది. బర్మాలో తెలుగువానికి స్థిరపడిన 'కోరంగీ' అను పేరు గోదావరి ముఖమునందలి కోరంగి రేవునుండి వచ్చినది. ఆ రేవు మేటవేసి ప్రాభవము కోల్పోయి, ఓడలు కాకినాడ, విశాఖపట్టణము మున్నగు రేవులనుండి పోవుచున్న కాలమునను ఆ పేరు మాత్రము మారలేదు. 1852లో రంగూను ఆంగ్లేయుల వశమైన పిమ్మట ఇరావతీ డెల్టాలో వరిసాగు విస్తరించినది. బియ్యపు మిల్లులకు, ఓడరేవునకు, పురపాలక సంఘపు పారిశుధ్యమునకు, రిక్షాలు లాగుటకు కూలీలు కావలసివచ్చిరి. మేస్త్రీ బయానా యిచ్చి మనుష్యులను తీసికొనిపోవును; ఆ బయానా తీరువరకు కూలీకి తన కాలిపై తనకు అధికారము లేదు. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు మించియుండిరి. రంగూను నగరవాసులలో సగమునకు పైగా వారే. 1930 మే నెలలో రేవుకూలి విషయమై తెలుగువారికిని బర్మీయులకును సంఘర్షణ జరిగినది. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశమునుండి వేరుపడినది. 1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడినవి. 1942 తొలిమాసములలో నాలుగు లక్షలకు మించిన జనము నడచియు, పడవలెక్కియు భారతదేశము చేరిరి. త్రోవలో కలరాకు, మలేరియాకు, ఆకలికి పదివేల సంఖ్యలో బలియైరి. యుద్ధానంతరము కొందరు మరల వెళ్ళిరి. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చి వర్తకమును జాతీయము చేయగా, 1964 మొదలు వారును ఓడలలో తిరిగివచ్చిరి. విశాఖపట్టణములోని 'బర్మా క్యాంపు' పేరు ఆ రాకకు గుర్తు.

ఈ సంగతులు గ్రంథములలో దొరకును. ఇంటిలోపల దొరకునది వేరు. మొదట గమనింపవలసిన విషయము ఒకటి కలదు. 1942లో నడచి వచ్చినవారు బిడ్డలను, బియ్యపు మూటను, పట్టుకొనగల్గినంత బంగారమును తెచ్చికొనిరేగాని పటములను మోసికొని రాలేదు. కనుక ఆనాటి రంగము ఛాయాచిత్రము నేడు మన గ్రామములో కనబడినచో, అది చాలవరకు 1942కు పూర్వము ఊరికి టపాలో వచ్చినదై యుండును. అనగా అది పోయినవాడు తనకొరకు తీయించుకొన్నది కాదు. ఉన్నవారికి చూపుటకై తీయించినది. 1964 తరువాత ఓడలో వచ్చిన కుటుంబముల సంగతి వేరు; వారి పెట్టెలలో పెండ్లి బొమ్మలు, బడి బొమ్మలు, ఇంటిముందరి బొమ్మలు కూడ కనిపించును. ఈ రెండు రకముల యిండ్లను కలిపి, రంగము ఛాయాచిత్రములని ఒకే పేరు పెట్టుట తగదు. ఒకదానిలో జీవితమున్నది. రెండవదానిలో జీవితమును గూర్చి ఊరికి పంపిన వార్త యున్నది.

మా యింటి బొమ్మ అట్టి వార్త. అది తపాలాకార్డు పరిమాణమున, వెనుక తపాలాకార్డు గీతలుగల కాగితముపై ముద్రింపబడినది. మా మాతామహి తండ్రి చేతుల కుర్చీలో కూర్చుండి యున్నాడు. ఒంటిపై నల్లకోటు, జేబునుండి వ్రేలాడు గడియారపు గొలుసు, కాళ్ళకు బూట్లు. వెనుక స్తంభమును, మడతల పరదాను చిత్రించిన తెర. కుర్చీ ప్రక్కన సుమారు ఐదేండ్ల బాలుడు నిలిచియున్నాడు. నేను 2011లో ఈ బొమ్మను తీసికొని మా మాతామహి చెల్లెలి యొద్దకు పోతిని. మేము చిన్నమ్మమ్మ యని పిలుచు ఆమె రంగములో పుట్టి, పదేండ్ల వయస్సున తల్లిదండ్రులతో నడచి వచ్చినది. ధ్వనిముద్రణ యంత్రమును ముందుంచి, బొమ్మ ఆమె చేతికిచ్చి, ఈయనను గూర్చి చెప్పుమని యడిగితిని. తండ్రి యొక పెద్ద బియ్యపు వర్తకునియొద్ద లెక్కలు వ్రాసెడివాడని ఆమె చెప్పినది. కోటు, గొలుసు కంటి యెదుటనే యున్నవి. మాటకు బొమ్మ సాక్ష్యము, బొమ్మకు మాట సాక్ష్యము. అట్లే వ్రాసికొంటిని.

ఆమె 2016లో గతించినది. రెండేండ్ల తరువాత అదే గ్రామములో మరియొక యింట రంగము బొమ్మ యొకటి చూచితిని. మనిషి వేరు. కుర్చీ అదే, తెర అదే. ఆ మనిషి తొడిగిన కోటునకు, మా ముత్తాత కోటునకు ఎడమవైపున ఒకేచోట గుండీ లేదు. గొలుసును వ్రేలాడు తీరును ఒక్కటే. స్టూడియోలవారు కోటులు, గొలుసులు, బూట్లు ఉంచుకొని, బొమ్మ తీయించుకొన వచ్చినవారికి తొడుగుట ఆనాడు సామాన్యమే. ఈ బొమ్మను ఎన్నడును చూడని, ముత్తాత తమ్ముని కుమారుని ఆ పిమ్మట అడుగగా, తన పెదతండ్రి మిల్లులో బస్తాలు మోసెడివాడని, భుజముమీద కాయ కాచి యుండెడిదని, దానిని తాను చేతితో తాకి చూచితినని చెప్పెను. లెక్కల గుమాస్తా కథ కోటునుండి పుట్టినది. ఊరిలోనివారు బొమ్మను చూచి అల్లిన కథ అది. బొమ్మ ఉన్న యింటిలో పెరిగి పెద్దదై, నడచి వచ్చిన కూతురి చెవికి సైతము చేరినది.

పొరపాటు నాదెట్లయ్యెనో చెప్పవలెను. బొమ్మను ముందు చూపి కథను పిమ్మట అడిగితిని. బొమ్మ చేతిలో నున్నవాడు బొమ్మకు తగినట్లు చెప్పును. ఇది అబద్ధమాడుట కాదు, జ్ఞాపకము యొక్క స్వభావము. మొదట ఏ బొమ్మయు లేకుండ కథ వినవలెను. ఒక దినము గడచిన పిమ్మట బొమ్మలు చూపవలెను. రెండు మాటలను వేర్వేరుగ వ్రాసి, ఏది బొమ్మకు ముందు చెప్పినదో ఏది తరువాత చెప్పినదో గుర్తు పెట్టవలెను. సాధ్యమైనచో ఆ బొమ్మను చూడని బంధువు నొకనిని వెదకవలెను. ఉమ్మడి కుటుంబము చెదరిన యిండ్లలో అట్టివాడు దొరకుట కష్టము కాదు.

రెండవ పొరపాటు భాషకు సంబంధించినది. ఈ పత్రిక చదువరులు దానిని విశేషముగ గమనింతురని ఆశింతును. గుండీలేని కోటును చూచిన పిమ్మట 2011 నాటి ధ్వనిముద్రణమును మరల వింటిని. నా వ్రాతప్రతిలో 'లెక్కలు వ్రాసెడివాడు' అని యున్నది. ఆమె నోట వెలువడిన మాట 'లెక్కలు రాసీవోడట'. నడక సంగతి చెప్పునపుడు ఆమె నోట 'అట' లేదు. 'నడిసినాం', 'తాగినాం', 'పడుకున్నాం' అనియే చెప్పినది. అనగా తాను కన్నదేదో, విన్నదేదో ఆమె ప్రతి వాక్యమునను వేరుచేసి చెప్పుచునే యుండినది. నేను గ్రాంథికీకరించుటలో ఆ భేదమును తుడిచివేసితిని. తెలుగు 'అట' వలెనే తమిళమున క్రియాంతమందలి 'ఆమ్', కన్నడమున 'అంతె', మరాఠీలో 'మ్హణే' వినికిడిని సూచించును. ఏ భాషలో సేకరించినను ఈ చిన్న పదములను తొలగించుట సాక్షిని మార్చుటయే యగును. మౌఖిక చరిత్రను శిష్టభాషలో తిరిగి వ్రాసి ప్రకటించు అలవాటు మన విశ్వవిద్యాలయములలో ఇప్పటికిని ఉన్నది. చదువుటకు అది హాయిగ నుండవచ్చును. సాక్ష్యముగ మాత్రము అది పనికిరాదు.

'మేము', 'మనము' అను భేదమును ఇట్టిదే. చిన్నమ్మమ్మ నాతో 'మేం నడిసినాం' అనినది. నన్ను ఆ నడకలో చేర్చలేదు. రంగము పోయినవారిని గూర్చి చెప్పునపుడు 'మనోళ్ళు' అనినది. అక్కడ నన్ను చేర్చుకొన్నది. ఆమె మనుమరాలు, 1990 తరువాత పుట్టినది, నాతో 'మనం రంగం నుంచి నడిచి వచ్చాం కదా' అనును. స్వానుభవము వంశకథగా మారిన క్షణమును ఈ సర్వనామమే పట్టియిచ్చును. తమిళము, మరాఠీ, గుజరాతీ భాషలలో ఈ భేదము నిలుచును. హిందీలోనికి మార్చినచో 'హమ్' ఒక్కటే మిగిలి, తెలిసికొనవలసినది పోవును.

బంధువాచకములు మరింత చిక్కు కలిగించును. మన 'తాత' తండ్రి తండ్రియు కావచ్చును, తల్లి తండ్రియు కావచ్చును, వారి సోదరులలో ఎవడైనను కావచ్చును. 'పెద్దనాన్న' తండ్రి అన్నకును, తల్లి అక్క భర్తకును చెల్లును. పినతండ్రి కొడుకును, పినతల్లి కొడుకును ఇరువురును తమ్ముళ్ళే. కనుక 'తాత రంగంలో పోయాడు' అని వ్రాసికొన్న వాక్యము ఇరువది యేండ్లకు ఎవరిని గూర్చినదో తెలియకపోవును. ప్రతి బంధువాచకము ప్రక్కన 'ఎవరికి ఎవరు' అనునది వ్రాయవలెను: చెప్పిన ఆమె తల్లికి తమ్ముడు, చెప్పిన అతని తండ్రికి పెద్దక్క భర్త, అని. కొందరు ఈ చిక్కు తీర్చుటకై అంకుల్, కజిన్ అని వ్రాయుదురు. చిక్కు తీరదు సరికదా, మేనరికములు జరిగిన యింట ఆ మాటలతో వంశవృక్షమును గీయుట అసాధ్యమగును.

కాలనిర్ణయమునకు మన పెద్దలు సంవత్సర నామములను వాడుదురు. ప్రభవాది నామములు అరువదియేండ్లకొకసారి తిరిగి వచ్చును గనుక ఒక్క నామముచే సంవత్సరము తేలదు. చిత్రభాను 1882-83లోను, 1942-43లోను, 2002-03లోను వచ్చినది. అయినను రెండు మూడు వివరములు కూడినచో ఇది క్యాలెండరు కంటెను సూక్ష్మముగ పనిచేయును. చిన్నమ్మమ్మ మాటలలో ఉగాది త్రోవలో వచ్చినది. ఆమె తల్లి వేపపువ్వు దొరకక ఏదో చేదాకు నమలించినది. 1942లో చిత్రభాను ఉగాది మార్చి మధ్యభాగమున పడినది. రంగూనును ఆంగ్ల సైన్యము విడిచినది మార్చి 7న. ప్రోము వరకు రైలు, అక్కడినుండి అరకాను కొండలు దాటి టౌంగప్ వరకు నడక, పిమ్మట పడవలు, చిట్టగాంగు: ఇది ఆ దిక్కున వచ్చినవారి మార్గము. ఉగాదినాడు కొండలలో నున్నవారు నగరము ఖాళీయగు దినములలోనే బయలుదేరిరని చెప్పవచ్చును. 'రంగంనుంచి నడిసినాం' అను మాటలో రైలు, పడవ రెండును అణగిపోయినవి. జ్ఞాపకము కష్టమైన భాగమును ఉంచుకొని, కూర్చుండి వచ్చిన భాగమును వదలినది.

ఇక బొమ్మలోనే దాగిన కాలసూచనలు. చూచువారు బొమ్మ ముఖమును మాత్రమే చూతురు. చరిత్రకారుడు ముందుగ వీపును చూడవలెను. అట్టపై అతికిన బొమ్మ యైనచో క్రిందనో వెనుకనో స్టూడియో పేరు, వీథి పేరు ఉండును. రంగూనులో ఫిలిప్ క్లియర్ (1845-1911), పిమ్మట డి. ఏ. అహూజా వంటి ఛాయాగ్రాహకుల పేరులు పట్టణ దృశ్యముల కార్డులపై విరివిగ కనిపించును. చిన్న స్టూడియోల పేరులు గ్రంథములకెక్కలేదు. కాని ఒకే గ్రామములో పది యిండ్ల బొమ్మలను ప్రక్కప్రక్కన పెట్టినచో తెరలు, కుర్చీలు వానంతటవే జతపడును. తపాలాబిళ్ళ ఉన్నచో భాగ్యమే. మా కార్డుపై అయిదవ జార్జి బొమ్మగల భారతదేశపు బిళ్ళ యున్నది. 1937 ఏప్రిల్ 1నుండి బర్మాలో భారతీయ బిళ్ళలపై 'బర్మా' అని అచ్చువేసి వాడిరి. మా బిళ్ళపై ఆ ముద్ర లేదు. కనుక కార్డు అంతకు పూర్వపుది. ముద్ర తేదీ చదువశక్యము కాకున్నను ఇంతవరకు నిశ్చయము. కార్డుల విషయమున ఒక హెచ్చరిక: కొన్ని యిండ్లలో అంగడిలో కొని పంపిన అచ్చుకార్డు మీది అపరిచితుడు పూర్వపురుషుడై బొట్టు పెట్టించుకొనుచుండుటయు కలదు. భూతద్దముతో చూచినచో అచ్చుబొమ్మలో చుక్కల వరుసలు కనబడును. అసలు ఛాయాచిత్రమున కనబడవు.

గోడపటముల వెనుకను చూడవలెను. పటము కట్టువాడు బొమ్మకును చెక్కకును మధ్య పాత వార్తాపత్రికను మడిచిపెట్టుట వాడుక. ఆ పత్రిక తేదీ బొమ్మ తీసిన కాలమును చెప్పదు. పటము కట్టించిన కాలమును చెప్పును. సాధారణముగ అది బొమ్మలోని వ్యక్తి గతించిన కాలమునకు దగ్గరగ నుండును, ఏలయన మన యిండ్లలో పటము గోడకెక్కుట మనిషి పోయిన పిమ్మటనే. సముద్రతీరపు తేమకు బొమ్మ అద్దమునకు అంటుకొనియుండిన యెడల ఊడదీయరాదు. ముఖము అద్దముతోనే పోవును. అద్దము మీదుగనే, ప్రక్కనుండి వెలుతురు పడునట్లు, నకలు తీసికొనవలెను.

మా బొమ్మలోని బాలుని సంగతి ఇంతవరకు చెప్పలేదు. కార్డు 1937 ఏప్రిలుకు పూర్వపుది. చిన్నమ్మమ్మ పుట్టినది సుమారు 1932లో. ఐదేండ్ల బాలుడు ఆమెకు పెద్దవాడో, దాదాపు ఈడువాడో కావలెను. అనగా ఆమె యెరిగినవాడు. 2011లో ఈ పిల్లవాడెవరని యడుగగా ఆమె బొమ్మను బోర్లించి నా చేతికిచ్చి, వంటయింటిలోనికి పోయి, కాఫీ పెట్టినది. ధ్వనిముద్రణములో ఆ నాలుగు నిమిషములును గిన్నెల చప్పుడే. మేనల్లుడా, పొరుగువాని బిడ్డయా, దారిలో పోయిన అన్నయా, బర్మీయ స్త్రీవలన కలిగిన కొడుకా? ఇట్టి కుటుంబములు నాడు చాలగ ఉండినవి. తెలుగు పురుషులు ఒంటరిగ వెళ్ళి ఏండ్లతరబడి అక్కడ నుండుటచే అక్కడివారిని పెండ్లాడుట కలదు, ఊరికి తిరిగిన పిమ్మట ఆ మాట ఎత్తకుండుటయు కలదు.

ఆ యింటిలో నేను పొందిన మూడవ సాక్ష్యము మాటయు కాదు, బొమ్మయు కాదు. ఉత్తరాంధ్ర గ్రామములలో సంక్రాంతినాడు గతించిన పెద్దలకు క్రొత్తబట్టలు పెట్టి, పేరు పేరున తలచుకొని, పిమ్మట వానిని ఇంటివారు కట్టుకొందురు. చిన్నమ్మమ్మ ఇంట పీటపై తండ్రికి పంచె, తల్లికి చీర, అక్కకు చీర, వానితోపాటు ఒక చిన్న చొక్కాగుడ్డ ఉండెడిదని ఆమె కోడలు చెప్పినది. మిగిలినవానిని పెట్టునపుడు పేరులు పలికెడిది. చొక్కాగుడ్డ పెట్టునపుడు ఏమియు పలికెడిది కాదు. కోడలు నలుబదియేండ్లు దానిని చూచినది, అడుగలేదు. శ్రాద్ధకర్మ గల యిండ్లలో మరణతిథి తెలియనివారికి మహాలయ అమావాస్యనాడు పెట్టుట ఉన్నట్లే, ఇక్కడను తేదీ లేనివారికి పండుగలో చోటున్నది. రంగము త్రోవలో మరణించినవారి లెక్కకు ప్రభుత్వ పత్రములకంటె ఈ పీటలే దగ్గరయని నాకు తోచుచున్నది. స్త్రీల పేరులకును ఇదే ఆధారము. మా యూరి బొమ్మలలో ఆడువారు తక్కువ. ఉన్నవారి వెనుక 'ఫలానావారి భార్య' యనియే వ్రాత. బట్టలు పెట్టునపుడు మాత్రము వారి పేరులు పలుకుదురు. కనుక కుటుంబచరిత్ర సేకరించువాడు బొమ్మలపెట్టె తెరిపించుటకు ముందు, పండుగనాడు ఎవరెవరికి బట్టలు పెట్టుదురని అడుగుట మేలు.

చెప్పనిదానిని బలవంతముగ చెప్పించుటకు మనకు అధికారము లేదు. బోర్లించి యిచ్చిన బొమ్మను మరల తిప్పి పట్టుట పరిశోధన కాదు. బ్రతికియున్నవారికి మనస్తాపము కలిగించు సంగతిని కుటుంబము అనుమతించువరకు ప్రకటింపక, మూసిన కవరులో ఉంచవచ్చును. కాని లేనట్లు వ్రాయరాదు. ఇందు సూచికను వ్రాయు పద్ధతి ముఖ్యము. మన సూచికలలో పేరు దొరకనిచోట 'తెలియదు' అని వ్రాయుట అలవాటు. 'తెలియదు' వేరు, 'చెప్పలేదు' వేరు. మొదటిది సాక్షికి లేని జ్ఞానము. రెండవది ఉన్నదానిని ఉంచుకొన్నది. ఈ రెంటిని ఒకే గడిలో వేసినచో తరువాతివాడు వెదకవలసినచోట వెదకడు.

భద్రపరచుటను గూర్చి కొలదిగ చెప్పెదను. బొమ్మ ముఖముపై ఏమియు వ్రాయరాదు. వీపున అంచుదగ్గర మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండ, సంఖ్య మాత్రము వేసి, వివరములను వేరు కాగితముపై వ్రాయవలెను. సిరా కాగితములోనుండి ఇవతలికి దిగును. జిగురు టేపు అంటింపరాదు, లామినేషను చేయింపరాదు, జిగురుపుటల ఆల్బములలో పెట్టరాదు. ఆమ్లములేని కాగితపు సంచులు దొరకినచో మంచిదే, దొరకనిచో ఇనుప పెట్టెను నేలకు ఆనకుండ ఎత్తుపై పెట్టి, ఏటికి రెండుమార్లు పొడిదినములలో తెరచుట మేలు. నకలు తీయునపుడు బొమ్మ రెండు ప్రక్కలను, అట్టను, పటపు వెనుకభాగమును కూడ తీయవలెను. స్కానరుపై అంగుళమునకు 600 చుక్కలకు తగ్గరాదు. ధ్వనిముద్రణమును వ్రాతప్రతి తయారైన పిదప తుడిచివేయు దురలవాటు మానవలెను. నేను తుడిచియుండినచో 'అట' నాకు ఎన్నటికిని వినబడి యుండెడిది కాదు. నకళ్ళు ఒకచోట కాక మూడుచోట్ల నుండవలెను, అందొకటి ఆ బంధువుల యింటనే. బొమ్మను తీసికొనిపోయి తిరిగి ఈయని పండితులను గూర్చి ఏ గ్రామములో అడిగినను చెప్పుదురు.

1942లో పదేండ్లున్నవారికి నేడు తొంబదియేండ్లు దాటినవి. ఆ నడకను 'అట' లేకుండ చెప్పగలవారు ఇక కొందరే. విశాఖపట్టణము బర్మా క్యాంపులో 1964 తరువాత వచ్చినవారి పిల్లలు ఇంకను ఉన్నారు. వారి ఆల్బములలో పేరులు వ్రాయని ముఖములు ఎన్నియో కలవు. ఆంధ్రదేశములోని విభాగములు ఈ పనిని తీర గ్రామములలో చేయవచ్చును. ఖడ్గపురము, జంషెడ్‌పురము వంటి తావులలోని తెలుగు కుటుంబములను గూర్చి అక్కడికి దగ్గరనున్న విభాగములు చేయవచ్చును. విద్యార్థులకు పెద్ద ప్రశ్నావళి అవసరము లేదు. బొమ్మ లేకుండ ఒక దినము, బొమ్మతో ఒక దినము చాలును.

మా యింటి బొమ్మకు 2011లో నేను వ్రాసిన సూచికను కొట్టివేయక, దాని క్రింద రెండవ సూచిక చేర్చితిని. అది యిట్లున్నది: "తపాలాకార్డు బొమ్మ. రంగూను. 1937 ఏప్రిలుకు పూర్వము. కూర్చున్నవాడు: చెప్పిన ఆమె తండ్రి. బియ్యపు మిల్లులో బస్తాలు మోసెడివాడు (తమ్ముని కుమారుడు, బొమ్మ చూడకుండ చెప్పినది). లెక్కలు వ్రాసెడివాడట (కూతురు, బొమ్మ చూచి చెప్పినది). కోటు, గొలుసు స్టూడియోవి. నిలుచున్న బాలుడు: సుమారు 5 ఏండ్లు. పేరు చెప్పలేదు. సంక్రాంతికి చొక్కాగుడ్డ పెట్టెడివారు (కోడలు చెప్పినది)."